గొడుగు మీది ఎర్రగీత

మూడో బోల్టు మీద గోళ్లరంగు ఆరేదాకా జోసెఫ్ నోటితో ఊదుతూనే ఉన్నాడు. మాదాపూర్‌లోని ఆ అయిదంతస్తుల మేడ మీద, గొడుగులా విచ్చుకున్న పన్నెండడుగుల తెల్లటి డిష్ కింద మోకాళ్ల మీద కూర్చుని, బోల్టు తల నుంచి పక్కనున్న ఇనుపపట్టీ దాకా సన్నగా ఒక ఎర్రగీత గీశాడు. గీత తెగితే బోల్టు తిరిగినట్టు. బోల్టు తిరిగితే డిష్ వెంట్రుకవాసి జరిగినట్టు. అంతమాత్రం జరిగితే చాలు, ఆకాశంలో ఎక్కడో ఉన్న ఉపగ్రహం దీనికి దొరకదు. కింద నాలుగో అంతస్తు కంపెనీలో నూటయాభై కంప్యూటర్లు మూగబోతాయి.

ఇదివరకు సుద్దముక్కతో గీసేవాడు. వానకు చెరిగిపోయేది. అయిదు నెలల కింద, నలభై రెండేళ్లు నిండాక, సెలీనాతో పెళ్లయింది. బోరబండ గదిలో అద్దం ముందు ఆ చిన్న సీసా కనబడింది.

"ఏందయ్యా, నా గోళ్లరంగు నీ బోల్టులకా?"

"నీ గోళ్ల కంటే వాటికే బాగుంటది తియ్యి."

దువ్వెన విసిరింది. అది తగిలిన భుజం తడుముకుంటే జోసెఫ్‌కు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఈ పొద్దున లూనా బండి ఎక్కుతుంటే గుమ్మంలో నిలబడి మళ్లీ చెప్పింది. "ఆదివారం మా చెల్లె పెళ్లి. సీసా మర్వకు."

"పర్మనెంట్ కాగితం గూడ తెస్త. రెండూ ఒక్కసారే."

పదకొండేళ్లుగా అతను కాంట్రాక్టరు మనిషి. మొదట స్తంభాలకు గుంతలు తవ్వాడు. తర్వాత జీడిమెట్ల ఫ్యాక్టరీల మెట్ల మీదుగా డిష్ ముక్కలను వీపున మోశాడు. చివరికి వాటిని గురిపెట్టడం నేర్చాడు. ఎండకు మెడ నల్లగా కమిలిపోయింది, ఎప్పుడూ పైకి చూసి ఎడమకన్ను చిన్నదయింది. డిష్‌లు పెట్టే సంస్థలో ఉద్యోగమిస్తూ టైపు చేసిన కాగితం మేనేజరు సోమేశ్వరరావు సొరుగులో ఉంది. పదకొండింటికి కింది కంపెనీవాళ్లు తమ పనిని అమెరికా క్లయింటుకు చూపిస్తారు. అది సాఫీగా జరిగితే వాళ్ల మిగతా తొమ్మిది ఆఫీసులకూ డిష్‌లు తీసుకుంటారు. అప్పుడు ఆ కాగితం మీద సంతకం పడుతుంది.

జోసెఫ్ కళ్లు మాటిమాటికీ డిష్ లోపలి నీడ మీదికే పోతున్నాయి. డిష్ ముందు మూడు కాళ్ల మీద నిలిచిన గొట్టం నీడ అది. వారంగా రోజూ అదే వేళకు కాస్త కాస్త పైకి పాకుతోంది. నిన్న నడిబొడ్డుకు బెత్తెడు దూరంలో ఆగింది. లింకు రెండు నిమిషాలు తడబడింది కూడా. ఇవాళ సరిగ్గా మధ్యకు వస్తుంది. అంటే సూర్యుడు ఉపగ్రహం వెనకే నిలబడతాడు. సూర్యుడి రేడియో తరంగాల హోరులో సిగ్నలు మునిగిపోతుంది. ఏడెనిమిది నిమిషాలు, అంతే. ఏడాదికి రెండుసార్లు వచ్చే గండం. ఎవరూ డిష్ మీద చెయ్యి వేయకపోతే దానంతటదే పోతుంది.

డిష్ సంస్థ ఇంజనీరు ఆదర్శ్‌కు పొద్దున్నే చెప్పాడు. "సార్, పదకొండుకు ఎండ అడ్డమొచ్చి లింకు పోతది. సూపెట్టుడు అర్ధగంట ఎనకకు జరపుండ్రి."

ఆదర్శ్ కాగితం తీశాడు. "ఢిల్లీ ఆఫీసు పట్టికలో ఎండ అడ్డం అయిదో తారీఖని ఉంది. ఇవాళ ఒకటి. లెక్కలు కట్టి పంపారయ్యా. నువ్వేమో నీడలు చూసి చెప్తావా?"

"ఢిల్లీ నీడ ఢిల్లీకి సార్. మన నీడ మనకు."

ఆదర్శ్ పెద్దగా నవ్వాడు.

పదకొండు దాటి రెండు నిమిషాలకు లింకు పడిపోయింది. ఆదర్శ్ పానా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"డిష్ జరిగింది! తిప్పు!"

"జరగలే సార్. ఎర్రగీత సూడుండ్రి, గట్లనే ఉంది. నీడ సూడుండ్రి, నడుమల ఉంది. జర ఆగుండ్రి."

"కింద వాళ్లు నా ప్రాణం తీస్తున్నారు! తప్పుకో!"

అతనే వంగి ఎత్తు సరిచేసే బోల్టుకు పానా తగిలించి పావువంతు తిప్పేశాడు. గీత రెండుగా తెగింది. ఇంకో చుట్టు తిరిగితే డిష్‌ను మళ్లీ గురిపెట్టడానికి సాయంత్రమవుతుంది. జోసెఫ్ అతని మణికట్టు పట్టుకుని వెనక్కి నెట్టాడు. పానా గచ్చు మీద పడి ఖంగుమంది. ఆదర్శ్ కూలబడ్డాడు.

జోసెఫ్ పానా అందుకున్నాడు. తెగిన రెండు ముక్కలూ ఒక్క గీతయ్యేదాకా బోల్టును మెల్లమెల్లగా వెనక్కి తిప్పాడు. తర్వాత డిష్‌కూ ఆదర్శ్‌కూ మధ్య నిలబడ్డాడు. నిమిషం. రెండు. కింది నుంచి కేకలు. నీడ కదలనట్టే ఉంది. తన లెక్క తప్పయితే? సొరుగులో కాగితం, గుమ్మంలో సెలీనా. మూడో నిమిషం. నీడ అంచు కొద్దిగా పక్కకు ఒరిగింది. అయిదో నిమిషంలో మెట్ల మీద నుంచి సోమేశ్వరరావు గొంతు వినబడింది.

"వచ్చిందండీ! లింకు వచ్చింది!"

సాయంత్రానికల్లా ఆ తొమ్మిది డిష్‌లకూ ఒప్పందం కుదిరింది. నాలుగున్నరకు సోమేశ్వరరావు జోసెఫ్‌ను పిలిచాడు. సొరుగు మాత్రం తెరవలేదు.

"తన మీద చెయ్యి చేసుకున్నావని ఆదర్శ్ రాసిచ్చాడయ్యా. కాగితం మీదికి వచ్చాక నా చేతుల్లో ఏముంది? రేపట్నుంచి నువ్వు రావద్దని పైవాళ్లు మీ కాంట్రాక్టరుకు చెప్పేశారు."

జోసెఫ్ ఒక్కటే అడిగాడు.

"లింకు మల్ల ఆగలే గద సార్?"

"ఆగలేదు."

తల ఊపి మేడెక్కాడు. తెగిన గీత మీద కొత్తగా రంగు పూసి, ఆరేదాకా ఊదాడు. సీసాను జేబులో వేసుకోబోయి ఆగాడు. రేపు వచ్చేవాడు గీత మళ్లీ గీయాలంటే రంగు కావాలి కదా. సెలీనా ఏమంటుందో తలుచుకుంటే నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. కాసేపటికి కింద లూనా మూడుసార్లు మొరాయించి, నాలుగోసారి కదిలి వెళ్లిపోయింది.

అయిదో తారీఖున పదకొండుకు ఆదర్శ్ ఒక్కడే పట్టిక పట్టుకుని మేడ మీద నిలబడ్డాడు. నీడ నడిబొడ్డు దాటి ఎప్పుడో పైకి పోయింది. లింకు రెప్పపాటు కూడా ఆగలేదు. కాగితం మడిచి వెనుదిరుగుతుంటే పిట్టగోడ మీద కనబడింది, మూత గట్టిగా బిగించిన ఎర్ర గోళ్లరంగు సీసా.