ఖాళీ చేసిన వైరస్

జొన్నరొట్టె తట్టేటప్పుడు హెప్సిబా చేతులు ఆడతాయి గానీ మనసు వంటింట్లో ఉండదు. ఈరోజు మరీ ఉండటం లేదు. పొద్దున్నే హైదరాబాదు నుంచి ల్యాబు మేడం ఫోన్ చేసింది. "నీ పాత చోటు మళ్ళీ ఖాళీ అయింది. సోమవారానికి వస్తావా?" "ఇంట్లో అడిగి చెప్తాను మేడం" అంది హెప్సిబా. అని, తన నోటిని తానే తిట్టుకుంది. ఎమ్మెస్సీ చదివింది గానీ, అడగడం మాత్రం మానలేదు ఆ నోరు!

అడిగితే ఏమొస్తుందో ఆమెకు తెలియదా? మొగుడు రవికుమార్ ఆదోనిలో పత్తి మిల్లు సూపర్‌వైజరు. వైరస్ అన్న మాట వింటేనే గుమ్మానికి అడ్డం నిలబడేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె ల్యాబు నుంచి సెలవుకు వస్తే, చావింటి నుంచి వచ్చిన మనిషిలాగా పెరట్లో కొళాయి దగ్గరే మోచేతుల దాకా కడుక్కుని, బట్టలు మార్చుకుంటే గానీ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఏడాదైనా కడుపు పండకపోయేసరికి "ఆ రోగాలు పట్టుకుంటే బిడ్డలు యాడ పుడతారే? మానెయ్" అన్నాడు. మానేసింది. మానేసినా పండలేదు. దానికి మాత్రం ఆయన ఏమీ అనలేదు, డాక్టరు దగ్గరికీ రాలేదు.

ఎంత బెంగో ఆమెకు ల్యాబులోని ఆ చీకటి గది మీద! వైరస్ కలిపిన కణాలను దాచిపెట్టి, ఓపిక పట్టి, మైక్రోస్కోపులో కన్ను పెడితే, వెలిగే జన్యువు చేరిన కణమల్లా పచ్చగా మెరిసేది. ముందు ఒకటి, పక్కన ఇంకొకటి, చూస్తుండగా పళ్ళెం నిండా. పుట్టింటికి, ఎమ్మిగనూరుకు పోవాలని కూడా ఆమె ప్రాణం అంతగా పీకదు. ఈ మాట ఎవరికి చెప్పాలి? గోడకు చెప్పుకోవాలి.

ఎదురుగా వేరుశెనగ బుడ్డలు ఒలుస్తున్న అత్త మరియమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఏమ్మా, ఆడ నువ్వు సేసే పనేంది? నిజంగా రోగాలే పెంచుతాంటివా?"

ఆ ఇంట్లో ఒకరు అడగడం ఇదే మొదలు. హెప్సిబా పిండి చేతులతోనే ఆమె వైపు తిరిగింది.

"ల్యాదత్తా. ఒంట్లో కణం లోపలికి దూరడం వైరస్సుకు బాగా తెలుసు. అందుకని దాంట్లో రోగం తెచ్చేదంతా తీసేస్తాం. ఆ ఖాళీలో మాకు కావాల్సిన జన్యువు పెడతాం. అది మోసుకుపోయి కణంలో దింపుతుంది. దింపినాక దాని పని అయిపాయ. మళ్ళా అది పెరగదు."

మరియమ్మ చేతిలో బుడ్డ అలాగే ఉండిపోయింది. "దానిదంతా తీసేసి, ఎవురిదో సరుకు మోయిస్తారా? పాపం, దానికంటూ ఏమీ ఉండదా?"

"ఉండకూడదత్తా. ఉంటే దాన్ని రోగమంటారు."

అనేశాక ఆ మాట తన గురించే అన్నట్టు వినపడింది హెప్సిబాకు. పెనం మీద రొట్టె మాడుతోంది. ముందుగదిలోంచి రవికుమార్ కేకేశాడు. "ఏమే, ఇంగో రొట్టె యాడ?"

మరియమ్మ కొడుకు గొంతు వచ్చిన వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తల వంచుకుని బుడ్డలు ఒలుచుకుంది.

హెప్సిబా పొయ్యి ఆర్పి పెరట్లోకి నడిచింది. అప్పట్లో లోపలికి రావడానికి తన చేత చేతులు కడిగించిన ఆ కొళాయి దగ్గరే, పిండి చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. తడి చేత్తోనే ఫోన్ కలిపింది.

"మేడం, ఇంట్లో అడిగి చెప్తానన్నాను కదా. అడగలేదు. సోమవారం వస్తున్నాను."