ప్రథమ ఫలం మేకలు

నందిగామ డిగ్రీ కాలేజీలో డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ నా సబ్జెక్టు. పేదరికాన్ని ఎలా కొలవాలో పిల్లలకు నోరు నొప్పెట్టేలా చెప్పేది నేను. మేకల పథకం ఫలితం తేల్చే సర్వే మాత్రం నా తర్వాత చేరిన రాజ్యశ్రీకి ఇచ్చారు. ఆవిడ ఇంగ్లీషు బాగుంటుందట. నా స్టూడెంట్లే ఆవిడ కారెక్కి చందర్లపాడు వైపు వెళ్తుంటే కడుపు మండిపోయింది. అసూయే, దానికి వేరే పేరు పెట్టను.

ఆ పథకం కింద ఒక ఊళ్లో కూలి కుటుంబాల ఆడవాళ్లకు మేకలిచ్చారు. పొలాలు దాటితే వచ్చే పక్క ఊరికి ఇవ్వలేదు. కొన్నేళ్లయ్యాక రెండు ఊళ్లనీ పోల్చి చూడాలి. తేడా కనిపిస్తేనే రెండో విడత. అది మా రత్నమణి పిన్ని ఊరికి రావాలి. చిన్నాన్న పోయాక పిన్ని ఆ మేకల మీదే ఆశ పెట్టుకుంది.

సెమినార్‌లో రాజ్యశ్రీ తేల్చేసింది. "తేడా ఏమీ లేదండి. ఇవ్వని ఊళ్లోనూ మేకలున్నాయి. పథకం లేకపోయినా జనం పెంచుకునేవాళ్లే."

యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ తలూపారు. నాకు నవ్వొచ్చింది. ఆ రెండు ఊళ్లకూ పాస్టరుగారు ఒక్కరే, కోతపండుగ కూడా ఒక్కటే. మేక తొలిచూలు పిల్లను ప్రథమ ఫలంగా చర్చికిస్తారు. పండుగనాడు దాన్ని వేలం వేస్తారు. మేకలొచ్చిన ఊళ్లో అందరికీ ఉన్నాయి కాబట్టి పాడుకునేది పక్క ఊరివాళ్లే. అలా చేరినవే అక్కడి మేకలు. జగ్గయ్యపేటలో పెద్ద రైతుల ఇంట పుట్టిన రాజ్యశ్రీకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

నేను నోరు మూసుకుంటే పిన్ని మేకలు పోతాయి. కానీ నన్ను లేపి నిలబెట్టింది పిన్ని మీద ప్రేమేనని అబద్ధమాడను. అందరి ముందూ రాజ్యశ్రీ మొహం మాడిపోవడం చూడాలనిపించింది.

"ఆ పక్క ఊరి మేకలు ఎక్కడివో అడిగారాండీ?" అని మొత్తం చెప్పేశాను.

ప్రొఫెసర్ కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే ఇవ్వని ఊరు కూడా బాగుపడిందన్నమాట! ఇది ఇంకా పెద్ద ఫలితమమ్మా రాజ్యశ్రీ. రెండో విడత ఖాయం. ఇది నువ్వు ఢిల్లీలో చెప్పాలి."

సొమ్మొకడిది, సోకొకడిది. రాజ్యశ్రీ మొహం మాడలేదు సరికదా, వెలిగిపోయింది. పరుగున వచ్చి నా చేతులు పట్టుకుంది. "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో ఫ్లోరెన్స్ గారూ! ఢిల్లీలో మీ పేరు కూడా చెప్తానండీ."

బయటికొచ్చి పిన్నికి ఫోన్ చేశాను.

"మేకలొస్తాయి పిన్నీ."

"దేవుడికి స్తోత్రం తల్లీ! అంతా ఆ సర్వే మేడమ్ గారి చలవే. ఈ రోజు నుంచి ఆవిడ కోసం రోజూ ప్రార్థన చేస్తా. నువ్వు కూడా చెయ్యమ్మా."

"చేస్తాలే పిన్నీ" అన్నాను, పళ్లు నూరుకుంటూ.