ఓదెలు ధైర్య దీక్ష

ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు ఓదెలు ఇంటి హాల్లో, సోఫాకూ టీవీకీ మధ్య, దిగుడు బావి ఉంది. కరీంనగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు అది. కింది ఇంటివాళ్లు ఇంకా ఏమీ అనలేదు.

బావికి ఏడు మెట్లు. ఏడో మెట్టు మీద ఓదెలు భార్య భాగ్య నిలబడి ఉంది. నీళ్లు ఆమె మోకాళ్ల దాకా ఉన్నాయి. ఆమె పాదాలు రాతికి అతుక్కుపోయాయి, ఎవరైనా దిగి చెయ్యి పట్టి లాగితే తప్ప ఊడిరావు.

ఓదెలుకు నీళ్లంటే చచ్చేంత భయం. అందుకే సోఫాలో కూర్చుని ఫోన్లో ధైర్యం పాఠాలు వింటున్నాడు. మొత్తం నలభై ఒక్క పాఠాలు. దీక్షలా వినాలనీ, భంగమైతే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలనీ నియమం తనే పెట్టుకున్నాడు. మహానుభావుడు!

"వస్తున్నవా?" అంటుంది భాగ్య.

"మనసు గట్టి చేసుకుంటున్న. ఇంకొక్క పాఠమే."

"మనసుతోని నాకేం పనయ్యా? చెయ్యియ్యి."

నలభై ఒకటో పాఠం అయిపోతుంది. ఓదెలు లేచి, బావి అంచున కుడికాలు ముందుకు పెడతాడు. సరిగ్గా అప్పుడే భాగ్య తుమ్ముతుంది.

"దిగెటప్పుడే తుమ్మితివి. ఎట్ల దిగాలె?"

"సలికి తుమ్మిన. నీళ్లల్ల నిలవడ్డ గద!"

బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి కదలాలని ఓదెలుకు చిన్నప్పుడే నేర్పారు. వెనక్కి వచ్చి కూర్చుంటాడు. గ్లాసెడు నీళ్లు తాగుతాడు. అతని గ్లాసు ఖాళీ అయినకొద్దీ బావిలో మట్టం పెరుగుతుంది. దీక్ష చెడింది కాబట్టి మొదటి పాఠం పెడతాడు. అతనిలోంచి ఇంకో ఓదెలు లేచి వెళ్లి, ఆరో మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకుంటాడు.

ఇలా ఆరుసార్లు జరుగుతుంది. ఇప్పుడు ఆరు మెట్ల మీదా ఆరుగురు ఓదెలులు ఉన్నారు. నీళ్లు భాగ్య గడ్డం దాకా వచ్చాయి. గడియారం ఎనిమిది దగ్గరే ఉంది.

ఓదెలు మనసు ఎంత గట్టిపడిందంటే, ఛాతీ మీద వేలితో కొడితే టేకు తలుపు కొట్టిన చప్పుడు వస్తుంది. కాళ్లు మాత్రం గడ్డపెరుగులా ఉన్నాయి.

ఏడోసారి పాఠాలు నడుస్తుండగా అతను బావిలోకి చూస్తాడు. భాగ్య రెండు వేళ్లతో ముక్కు గట్టిగా పట్టుకుని ఉంది. తుమ్మాపుకుంటోంది. తను తుమ్మితే ఇతను ఆగిపోతాడని ఆపుకుంటోంది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. ఓదెలుకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

పాఠం సగంలో ఉండగానే లేస్తాడు. అంచు దగ్గర అతనికే తుమ్ము వస్తుంది.

అలవాటుగా గ్లాసు నింపుకుంటాడు. ఇది తాగితే నీళ్లు భాగ్య ముక్కు దాటుతాయి. గ్లాసును టీవీ పక్కన పెట్టి దిగుతాడు. భయం ఆవగింజంత కూడా తగ్గలేదు.

"ఎన్నో పాఠం?" అంటాడు మొదటి మెట్టు మీది ఓదెలు, కళ్లు తెరవకుండా.

"కాలే. సగంలనే ఉంది."

"కాకుండనే దిగుతున్నవా?"

"ఔ. జరుగు."

వాడు జరగడు. ఓదెలు వాడి భుజం మీద కాలు వేసి దిగుతాడు, తరువాత ఇంకొకడి భుజం మీద. నోట్లోకి నీళ్లు పోతాయి. ఏడో మెట్టు దగ్గర భాగ్య చెయ్యి దొరుకుతుంది, మంచులా ఉంది. లాగుతాడు. ఆమె పాదాలు ఊడివస్తాయి.

ఇద్దరూ పైకి తిరుగుతారు. పైన హాలు లేదు. కనుచూపుమేర మెట్లే ఉన్నాయి, మెట్టు మెట్టుకీ ఒక ఓదెలు బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. నీళ్లు వీళ్ల వెనకే మెట్లెక్కి వస్తున్నాయి. ఓదెలులందరూ ఒక్కసారిగా తుమ్ముతారు.

తుమ్ము వినగానే ఓదెలు మోకాళ్లు కూర్చోవడానికి అలవాటుగా వంగుతాయి. భాగ్య అతని చెయ్యి ఎముకలు నొప్పెట్టేలా పట్టుకుంటుంది.

వంగిన మోకాళ్లతోనే అతను ఎదురుగా ఉన్న తల మీద కాలు వేస్తాడు. ఆ తల ఫోన్లోని గొంతుతో "మొదటి పాఠం" అంటుంది. ఓదెలు భార్యను పైకి లాగి, ఆ పై తల మీద కాలు వేస్తాడు.