హాల్‌టికెట్ మీద బొట్టు

నా నోరు మంచిది కాదని నేరేడుచర్లల అందరికి ఎరికే. కూరగాయలోడు సుత నన్ను సూస్తే తరాజు సక్కగ పట్టుకుంటడు. కానీ నా చెయ్యి మంచిదని పేరు. మా వాడకట్టుల కొత్తది ఏదొచ్చినా బొట్టు నేనే పెట్టాలె. కొత్త ఆటో, బోరు మోటరు, ఫ్రిజ్జు, కుట్టు మిషన్. నా కొడుకు కొత్త సెల్లు కొనుక్కుంటే దాని ఎనుక సుత బొట్టు పెట్టిన. "సైదమ్మనే పెట్టాలె" అని ఇంటికొచ్చి మరీ పిలుచుకపోతరు. గసొంటి చెయ్యి ఒక్కసారి నా మనుమరాలి సదువు మీదికే తెచ్చింది. ఆ ముచ్చట చెప్త, మధ్యల అడ్డం రాకుండ్రి.

మనుమరాలి పేరు వందన. నా కొడుకు మహిపాల్ బిడ్డ. మహిపాల్ నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడకు షేర్ ఆటో నడుపుతడు. కోడలు స్వరూప అంగన్‌వాడీల ఆయా. ఇంట్ల నేను, వాళ్లు ముగ్గురు, గంతే.

పిల్ల ఐదు చదివేటప్పుడు బడోళ్లు హుజూర్‌నగర్‌ల సైన్స్ మేళాకు తీస్కపోయిండ్రు. గాడ కోదాడ దిక్కు గురుకులం ఆడపిల్లలు కాలువ నీళ్ల సుక్కను ఒక మిషన్ కింద పెట్టి సూపిచ్చిండ్రట. ఆ సుక్కల ఏవేవో ఈదుతున్నయట. ఇంటికొచ్చినంక మూడొద్దులు బిందె ముంగట కూసోని నీళ్ల దిక్కే సూసింది. "నాయినమ్మా, నేను ఆ బళ్లెనే సదువుత. ఆడ రోజూ సూడొచ్చు" అన్నది. పరీక్ష రాసింది. మొదటి లిస్టుల పేరు రాలే. తర్వాత ఎవరో పిల్ల చేరలేదని ఆ సీటు మాకిస్తమని ఫోన్ చేసిండ్రు.

ఆ ఫోన్ నేను ఎత్తిన. "మా పిల్ల రాదు" అని పెట్టేసిన.

ఇగ తిట్టుండ్రి నన్ను. మా ముసలాయన పోయి అప్పటికి నాలుగు నెలలు. వందన నా పక్కల పండుకోని, నా కొంగు ఏలికి సుట్టుకోని నిద్రపోయేది. అది సుత పోతే నేనేం గావాలె? గదే సోయి నాకు, పిల్ల సోయి లేదు. కొడుక్కి చెప్పలే, కోడలికి చెప్పలే. పదిహేను దినాలకు బడి సారు చెప్తే బయటపడ్డది. మహిపాల్ అరిచిండు, స్వరూప ఏడ్చింది. వందన మాత్రం ఒక్క మాట అనలే. గా అననిదే నాకు గుచ్చుకున్నది.

మూడేండ్లు గడిచినయ్. పిల్ల ఎనిమిదిలకొచ్చింది. ఆ గురుకులంల తొమ్మిదో తరగతికి ఖాళీ అయిన సీట్లు నింపుతరట. మొత్తం ఆరు సీట్లు, రాసేటోళ్లు వెయ్యి మీద. తొమ్మిది దాటితే మళ్ల తీసుకోరు, ఇదే ఆఖరు. వందన ఏం అడగకుండ తనే ఫారం నింపుకున్నది. పరీక్ష సెంటర్ సూర్యాపేట పెట్టాల్నా మిర్యాలగూడ పెట్టాల్నా అంటే, నాయిన ఆటో పోయేది మిర్యాలగూడకే కదా అని అదే పెట్టింది.

చదువుడంటే అట్లిట్ల చదువుడు కాదు. అన్నం తినుకుంట లెక్కలు, జడలేసుకుంట సైన్స్. నేను మాత్రం చప్పుడు చేయకుండ చాయ్ పెట్టి ఇచ్చుకుంట తిరిగిన. ఈ పోరి సీటు కొట్టాలె, నేను చేసిన పాపం పోవాలె. నా మనసుల గిదొక్కటే.

పరీక్ష ఆదివారం. పొద్దుగాల తానం చేసి దీపం ముట్టిచ్చిన. హాల్‌టికెట్ దేవుని కాడ పెట్టిన. కొత్తదేదైనా బొట్టు లేకుండ ఇల్లు దాటుతదా నా చేతుల? కుంకుమల రెండు సుక్కల నీళ్లేసి ఏలు ముంచిన. యాడ పెట్టాలె అని సూస్తే, అండ్ల పిల్ల ఫోటో. నుదురు బోసిగ ఉన్నది! ఆ ఫోటో తీసినోడు బొట్టు తీసెయ్యమన్నడట, ఏం పోయేకాలమో. పాపం పిల్ల, పరీక్షకు బోసి మొఖంతోని పోతదా అని సరిగ్గ నుదురు నడిమిట్ల పెట్టిన. సక్కగ కుదిరింది. మురిసిపోయిన.

మురిసినంత సేపు పట్టలే. కాయితం తడి పీల్చుకున్నది. ఎరుపు కండ్ల మీదికి, ముక్కు మీదికి పారింది. అయ్యో అయ్యో అని కొంగుతోని అద్దిన. అద్దితే మొత్తం మొఖమే పోయింది. ఫోటోల పిల్ల ఉండాల్సిన కాడ ఎర్ర మరక మిగిలింది.

అప్పుడే చెప్పాల్సింది. భయపడ్డ. నంబర్ సూస్తరు గని మొఖం ఎవడు సూస్తడులే అనుకోని మడతపెట్టి ప్లాస్టిక్ కవర్ల పెట్టి ఇచ్చిన. జిందగీల ఎవ్వరికి భయపడని నేను పదమూడేండ్ల పిల్లకు భయపడ్డ.

నలుగురం ఆటోల మిర్యాలగూడకు పోయినం. పరీక్ష పదకొండింటికి, గేటు పదిన్నరకు బంద్. తొమ్మిదిన్నరకే ఆడ దిగినం. గేటు కాడి మేడం కాయితం ఇప్పి సూసింది, వందన దిక్కు సూసింది, మళ్ల కాయితం సూసింది.

"ఇదేందమ్మా? మొఖం కనవడకుంటే ఎట్ల పంపియ్యాలె నేను? ఇంకో ప్రింట్ తీసుకరాండ్రి, పంపిస్త. టైం ఉన్నది."

మంచిగనే చెప్పింది పాపం. వందన ఆ కాయితం తీసుకోని సూసింది. కుంకుమ వాసన పట్టింది కావచ్చు, మెల్లగ నా దిక్కు తిరిగింది.

"కావాల్ననే చేసినవ్ కదా, నాయినమ్మా."

"కాదు బిడ్డా..."

"అప్పుడు ఫోన్ల రానని చెప్పినవ్. ఇప్పుడు గిది. నన్ను పోనియ్యవ్ నువ్వు."

అరవలే. అరిస్తే నేనూ అరిచేదాన్ని. కండ్లల్ల నీళ్లు తీసుకోని చెప్పింది.

"ఏడిస్తే ఏమొస్తది, నడువ్!" అని కాయితం మీది నంబర్ రాసుకోమని చెప్పి, మహిపాల్‌ను ఆటో ఎక్కిచ్చి నేనూ ఎక్కిన. స్వరూప పిల్లను పట్టుకోని గేటు కాడనే ఉన్నది. ఆదివారం కదా, ఒక్క జిరాక్స్ దుకాణం తెరిచి లేదు. నాలుగో షట్టర్ మీద నంబర్ రాసి ఉన్నది, పేరు ఫకీరా. ఫోన్ చేస్తే ఎత్తిండు.

"మటన్ కాడ లైన్ల ఉన్నన్నా. గంట అయితది."

గంట అయితే మా కొంప మునుగుతది. ఏ మటన్ దుకాణమో అడిగి అక్కడికే పోయినం. లైన్ అంటే లైన్ కాదు, సగం మిర్యాలగూడ ఆడనే ఉన్నది. మధ్యల సంచి పట్టుకోని నిలబడ్డడు ఫకీరా, నలభై ఏండ్లుంటయి.

"పెద్దమ్మా, ఇంటికి సుట్టాలొచ్చిండ్రు. లైన్ ఇడిస్తే మళ్ల ఎనుకకు పోవాలె. నాకు ఎముకలే మిగులుతయ్" అన్నడు.

"నీ సంచి ఇటు తే. నీ జాగల నేను నిలబడ్త. నా ముంగటికి ఎవడొస్తడో నేనూ సూస్త."

ఫకీరా నా మొఖం సూసిండు. ధైర్యం వచ్చినట్టున్నది, సంచి నా చేతుల పెట్టి, రెండు కిలోలు అని చెప్పి, మహిపాల్‌తోని ఆటోల ఉరికిండు.

నేను నిలబడ్డ. కాళ్లు ఈడ, పానం గేటు కాడ. గోడ మీది గడియారం పది కొట్టింది, పది దాటి పది నిమిషాలైంది. కరెంటు ఉన్నదో లేదో, ఆ మిషన్ నడుస్తున్నదో లేదో. నా ముసలాయనను తలుసుకున్న. "నీ మనుమరాలు లోపటికి పోవాలె, ఏం చేస్తవో చెయ్యి" అన్న. అంతల మెడల గొలుసేసుకున్న ఒకాయన పక్కకెల్లి నా ముంగటికి జొచ్చిండు.

"ఓ అయ్యా! యాడికి? మేమంత గీడ ముగ్గులేస్తున్నమా?"

ఆయన తిరిగి సూసి ఎనుకకు పోయిండు. లైన్ మొత్తం నవ్వింది. నా వంతు వచ్చింది. కొట్టేటాయన కొవ్వు ఎక్కువ ఏస్తుంటే, "సుట్టాలు తినాల్నా కుక్కలు తినాల్నా? కొవ్వు తీసేసి మూలుగున్న నల్లి బొక్క ఎయ్యి" అని దబాయిస్తున్న. అప్పుడొచ్చిండు ఫకీరా, నవ్వుకుంట.

"పోయింది పెద్దమ్మా లోపటికి. ఇంక ఏడు నిమిషాలు ఉండంగనే పోయింది."

నేను ఆ కత్తి మొద్దు ముంగటనే బోరుమని ఏడ్చిన. కొట్టేటాయన పరేషానై, అడగకుండనే ఇంకో నల్లి బొక్క ఏసిండు. ఫకీరా ప్రింటుకు పైసలు తీసుకోలే. "ఇసొంటి మటన్ నాకు ఈ జన్మల ఎయ్యలేదు, రోజూ రా పెద్దమ్మా" అన్నడు.

పరీక్ష అయిపోయి బయటికొచ్చినంక వందన నాతోని మాట్లాడలే. ఇంటికొచ్చినా అంతే. తిన్నవా అంటే ఊ, పోతున్నవా అంటే ఊ. నేను ఇగ కుంకుమ బరిణె ముట్టనని ఒట్టు పెట్టుకున్న. తండాల ఉండే గేమ్యా కొత్త ట్రాక్టర్ తెచ్చి ఇంటి ముంగట ఆపి, "అవ్వా, బొట్టు పెట్టు" అన్నడు.

"నా చెయ్యి మంచిది కాదు కొడుకా, ఇంకెవరితోనన్న పెట్టిచ్చుకో" అన్న.

గేమ్యా నోరు తెరిచి నిలబడ్డడు. వందన కిటికీలకెల్లి సూసింది.

ఎండాకాలం పోయింది. జూన్‌ల ఒక మధ్యాహ్నం మహిపాల్ తిననీకి వచ్చి, సెల్లు చార్జింగ్ పెట్టి పెరట్ల చేతులు కడుగుతున్నడు. స్వరూప డ్యూటీల ఉన్నది. సెల్లు మోగింది. ఎత్తిన.

"వందన వాళ్ల ఇల్లేనా అండీ? గురుకులం నుంచి మాట్లాడుతున్నాం. మీ పాపకి సీటు వచ్చిందండీ. బుధవారం లోపు చేరుస్తారా? లేకపోతే తర్వాత వాళ్లకి ఇచ్చేస్తాం."

అవే మాటలు. మూడేండ్ల కింద సుత గివే మాటలు. ఈ ఇల్లు కనవడ్డది, నా పక్కల ఖాళీ మంచం కనవడ్డది.

"వస్తది!" అన్న. "ఎందుకు రాదు? బుధవారం దాక ఎందుకు, ఇయ్యాల రమ్మంటే ఇయ్యాల్నే తెస్తం. ముందుగాల నువ్వు రాసుకో మేడం. రాసుకున్నవా? పేరు ఒకసారి సదువు, నా చెవులతోని ఇంట. ఇంకెవ్వరికి ఇయ్యకు ఆ సీటు, నీ కాళ్లు మొక్కుత."

మేడం నవ్వింది. రాసుకున్నానండీ అని రెండుసార్లు సదివింది.

ఫోన్ పెట్టి తిరిగితే గడప కాడ వందన. చేతుల బిందె. ఎంతసేపటి నుంచి నిలబడ్డదో. బిందె కింద పెట్టి ఒక్క ఉరుకుల వచ్చి నన్ను పట్టుకున్నది. నాకు ఊపిరాడలే.

"నాయినమ్మా, నిజంగనే వస్తదన్నవా?"

"అన్న. మేడం చెవులు పగిలేటట్టు అన్న. హాల్‌టికెట్ నేను కావాల్నని..."

"తెల్సు నాకు."

లోపటికి పోయి సైన్స్ పుస్తకంలకెల్లి ఆ పాత హాల్‌టికెట్ తీసుకొచ్చింది. పారెయ్యలే. ఎర్రగ, ఎండిపోయి ఉన్నది.

"జూడు. నడిమిట్ల ముదురు ఎరుపు యాడున్నది? సరిగ్గ నుదురు మీద. చెడగొట్టేటోళ్లు గంత కొలత పెట్టి బొట్టు పెడ్తరా?"

"మరి గన్ని నెలలు మాట్లాడకపోతివి గదనే!"

"ఆ రోజు లోపట కూసోని రాస్తున్నప్పుడే సమజైంది. కానీ అలిగినంక అలక దిగుడు ఎట్లనో తెల్వలే నాకు."

నా నెత్తురే కదా మరి! నెత్తి మీద ఒక్కటి ఇచ్చి, ముద్దు పెట్టుకున్న. పెరట్లకెల్లి మహిపాల్ తడి చేతులతోని వచ్చి, ఏమైంది ఏమైంది అని మా సుట్టూ తిరుగుతున్నడు. ఇద్దరం ఏడ్సుకుంట నవ్వుతున్నం, చెప్పేటోళ్లు ఎవరు?

బుధవారం ట్రంకు పెట్టె సర్దినం. నేను బరిణె దిక్కు పోలే. వందన తనే తెచ్చి నా ముంగట పెట్టింది. "పెట్టు. అన్నిట్కి పెట్టు. కాయితాలకు మాత్రం వద్దు" అన్నది. పెట్టెకు, బకెట్‌కు, మగ్గుకు, పళ్లానికి, పరుపు చుట్టకు, అన్నిట్కి పెట్టిన. పొయ్యేటప్పుడు గేమ్యా ట్రాక్టర్ సుత ఆపి పెట్టిన, పాపం బోసిగ తిరుగుతున్నది.

కోదాడ దాటి గురుకులం గేటు కాడ దిగినం. ఆడి వాచ్‌మన్ సామాన్లు ఒక్కొక్కటి సూసి నవ్విండు.

"ఏంటమ్మా, బకెట్‌కి కూడా బొట్టేనా? మగ్గుకి కూడానా?"

నేను నోరు తెరిచేలోపట్నే వందన చెప్పింది. "నేనే పెట్టమన్న. మా నాయినమ్మ చెయ్యి మంచిది."

పెట్టె ఒక దిక్కు వాచ్‌మన్, ఒక దిక్కు తను పట్టుకోని లోపటికి పోయింది. మూల తిరిగేదాక చెయ్యి ఊపుతనే ఉన్నది. నేను ఆ మాట కొంగుల ముడేసుకున్నట్టు పట్టుకోని ఆటోల కూసున్న. మళ్ల నేరేడుచర్ల వచ్చేదాక ఎవ్వరితోని కొట్లాడలే.