ఆరోగ్యవంతుల వరస

గిన్నెలు తోముతుంటే ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. "వేళ్ళు వాచాయి, తల పగిలిపోతోంది" అన్నాను. "తలనొప్పి ఎవరికి లేదు?" అన్నారు మా ఆయన, ఫోనులోంచి తల ఎత్తకుండా. "మా రోజుల్లో తలనొప్పికి తీరికెక్కడిదమ్మా!" అని అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వేశాను. నవ్వేస్తే పని తొందరగా తెములుతుంది.

రక్తనాళాల లోపలి గోడ కణాలను ల్యాబులో, గుంటలున్న పళ్ళేల్లో పెంచడం నా ఉద్యోగం. ఇంట్లోవాళ్ళకి వండిపెట్టి వెళ్ళి అక్కడ వీటికి తిండి పోస్తాను. ఒంట్లో జబ్బు రగిలితే రోగనిరోధక కణాలు సైటోకైన్లనే సంకేతాలను రక్తంలోకి వదులుతాయి. అవి తగిలాయంటే ఈ గోడ కణాలు ఎండోథీలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారుచేస్తాయి. నాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రోగుల రక్తం నుంచి తీసిన సీరం పోసి, ఆ హార్మోను ఎంత పెరుగుతుందో చూస్తాం. పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలి. దానికోసం మా ల్యాబులో ఎవరూ బయట వెతకరు, దగ్గరున్న మనిషినే చెయ్యి చాపమంటారు. గొట్టం మీద పేరుండదు, అంకె వేస్తారు. ఈసారి దగ్గరున్నది నేను.

ఫలితం వచ్చింది. నా సీరం పోసిన గుంటలో హార్మోను రోగులందరికంటే ఎక్కువగా ఉంది. ఎక్కడో చెయ్యి తప్పి ఉంటుందని మళ్ళీ రక్తం తీయించుకుని చేశాను. అంతే వచ్చింది. భయం వేసింది. తెలియనివాళ్ళకైతే అదొక అంకె, నాకు మాత్రం ఒంట్లో ఏ నాళం ఎలా బిగుసుకుంటోందో కళ్ళకు కడుతోంది. మొన్న మెట్లెక్కి ఆయాసపడితే "కాస్త ఒళ్ళు తగ్గించు" అన్నారు ఆయన. ఏం లేదులే అని నాకు నేనే ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! చచ్చిపోతానేమో అనుకున్నాను. ఆ వెంటనే రేపటి కూరకి ఏమీ లేదని గుర్తొచ్చింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

మా ల్యాబు పెద్ద సార్ వచ్చి అంకెలు చూశారు. "ఏంటమ్మా ఇది? ఎవరో జబ్బు మనిషి రక్తం తెచ్చి ఆరోగ్యవంతుల వరసలో పెట్టావు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యి. ఇది పారేసి కొత్తది మొదలుపెట్టు."

నాకు జబ్బు ఉందన్న మొదటి మనిషి ఈ సారే, అదీ తిడుతూ.

"అది నా రక్తం సార్."

సార్ గుంటల పళ్ళెం వైపు చూశారు. "అయ్యో... మరి ఈ ప్రయోగం ఎవరు పూర్తిచేస్తారు?"

చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఆసుపత్రి దారిలో, వెనక్కి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది.

ఆసుపత్రి కౌంటరు దగ్గరి అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. పిల్లల్నో, అత్తయ్యనో, ఆయన్నో వెంటబెట్టుకుని ఎన్నిసార్లు వచ్చానో ఇక్కడికి. నా భుజం మీదుగా వెనక్కి చూస్తూ, "పేషెంటు ఎక్కడండీ?" అంది.

ఊపిరి కూడదీసుకుని, "నేనే" అన్నాను.