చెంబెడు సముద్రపు నీళ్లు

అమ్మాయిలూ, ఇలా నా మంచం దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఇది మన పేటలో వెంకాయమ్మకి జరిగిన సంగతి. కొంత నేను కళ్లారా చూశాను, కొంత ఆవిడ నోట విన్నాను. మిగతాది వాళ్లనీ వీళ్లనీ గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాను. నా సంగతి మీకు తెలుసు కదా, అడగందే నిద్రపట్టదు.

బందరు అవతల గూడూరు దాటి పామర్రు వైపు వెళ్తుండగా కారు ఆగిపోయింది. అప్పటికి పొద్దెక్కి ఎండ చురుక్కుమంటోంది. ముందు సీట్లో వెంకాయమ్మ, చక్రం దగ్గర కొడుకు అంజి. వెనక సీటు మడిచేసిన చోట ఐసు పరిచిన ట్రేల నిండా పండుగప్ప, మాగ, రొయ్య. గుడివాడ మార్కెట్టుకి చేరాల్సిన సరుకు. కారుకి పొగ లేదు, చప్పుడు లేదు. అద్దం కింద తెర ఎర్రగా ఒకసారి వెలిగి నల్లబడింది.

"కదలట్లేదే అమ్మా."

"కాసేపు ఊపిరి తీసుకోనియ్యిరా."

"ఇదేమన్నా గేదె అనుకున్నావా?"

కంపెనీ నంబరుకి ఫోను చేస్తే లాక్కెళ్లే బండి వస్తోంది, వస్తోంది అన్నారు. అది వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోగా ఐసు కరిగి తలుపు సందుల్లోంచి కారడం మొదలుపెట్టింది. వెంకాయమ్మ ఊరుకునే మనిషి కాదు. రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద బుట్ట పెట్టుకుని, వచ్చేపోయే మోటారు సైకిళ్లని పిలిచి పిలిచి అమ్మింది. గుడివాడలో కిలో ఐదొందలకి పోయే పండుగప్పని రెండొందలకి ఇచ్చింది. చివరికి ఎవరూ ముట్టని సరుకు కాలవ గట్టు మీద కుమ్మరించారు. కొంగలొచ్చి వాలాయి.

అసలు ఆ కారు ఎందుకు కొన్నారో మీకు చెప్పాలి. వెంకాయమ్మ ముప్పై ఏళ్లు బస్సులో బుట్టతో తిరిగింది. కండక్టర్లు ముక్కు మూసుకుని వెనక మెట్టు దగ్గర నిలబడమనేవాళ్లు. ఒకసారి జోరు వానలో, పక్క సీటామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొడవ చేసిందని, నిడుమోలు దగ్గర దింపేశారు. బుట్టతో సహా. టిక్కెట్టు డబ్బులు మాత్రం వెనక్కివ్వలేదు. ఆ రోజు తడిసి ఇంటికొచ్చి, "నా చేపలు నా బండిలో ఎక్కి ఊరేగాలిరా" అంది కొడుకుతో. పడవలో తమ వాటా అమ్మేశారు. మిగతాది ఫైనాన్సు. డీజిలు ఖర్చు ఉండదని కరెంటు కారు తీసుకున్నారు. బాడుగలకి తిప్పుకునే పసుపు నంబరు ప్లేటే వేయించారు.

షోరూములో వాళ్లని సోఫాలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇచ్చారు. గోడ మీద ఆ కారే, వరద నీళ్లని చీల్చుకుంటూ పోతున్న బొమ్మ. "బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ అండీ, గట్టి సీలు, చుక్క నీరు దూరదు" అన్నాడు అమ్మే అబ్బాయి. బ్యాటరీ ధరే కారు ధరలో సగమని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. అడగాలని వీళ్లకీ తెలియదు.

మన పేటలో కొత్త పడవ దింపేటప్పుడు ఏం చేస్తామో మీకు తెలుసు. తొలి వేటకి పోకముందు పేటలో పెద్ద ముత్తయిదువో, చెయ్యి మంచిదని పేరున్న ఆడమనిషో సముద్రంలోకి దిగి, చెంబుతో నీళ్లు తెచ్చి, పసుపు కలిపి పడవ మొహం మీద పోస్తుంది. గంగమ్మ తల్లి తన బిడ్డని గుర్తుపట్టాలి కదా. వెంకాయమ్మ మొగుడు పోయినా ఆవిడనే పిలిచేవాళ్లు. ఆవిడ నీళ్లు పోసిన పడవ ఒక్కటీ ఖాళీగా రాలేదని పేరు. అలాంటి మనిషి సొంత బండికి పొయ్యకుండా ఉంటుందా? అందరూ ఎక్కి పాలకాయతిప్ప వెళ్లారు. కృష్ణ సముద్రంలో కలిసే చోట చెంబు ముంచుకొచ్చి, కారు నుదుటి మీద పోసింది.

"ఇంజనుక్కూడా రెండు చుక్కలు చల్లుతా, మూత ఎత్తరా."

"దీనికి ఇంజనుండదమ్మా. అంతా కింద బ్యాటరీయే."

"అయితే దానికే" అని, మోకాళ్ల మీద వంగి, చెంబులో మిగిలిన నీళ్లు కారు కిందకి చల్లింది. కోడలు సాయిదుర్గ నవ్వుతూ ఫోటో తీసింది. ఆ కారు పది నెలలు చక్కగా తిరిగింది. పేటలో మిగతా ఆడవాళ్ల బుట్టలు కూడా అందులోనే గుడివాడ వెళ్లేవి. ఎవరూ ఎవరినీ నిడుమోలులో దింపలేదు.

ఇక ఆగిపోయిన కారుని బందరు షోరూముకి లాక్కొచ్చారు. అక్కడ కార్తీక్ అని సర్వీసు చూసే అబ్బాయి. పాతికేళ్లుంటాయి. మర్యాద తెలిసిన పిల్లాడు. వెంకాయమ్మకి కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాడు.

"కొత్త కారుకి పూజ ఎక్కడ చేయించారు మామ్మగారూ?"

అంత ప్రేమగా అడిగితే ఎవరు చెప్పరు? పాలకాయతిప్ప సంగతి మొత్తం చెప్పింది. చెంబు, పసుపు, మోకాళ్ల మీద వంగడం, అన్నీ. "బ్యాటరీకి కూడా చల్లా బాబూ, దాన్నొక్కదాన్నే ఎందుకు వదలాలి?" అంది. ఆ అబ్బాయి నవ్వుతూనే టకటకా కొట్టుకున్నాడు. వెంకాయమ్మ బయటికి వస్తూ కొడుకుతో, "మంచి పిల్లాడ్రా, మన కబుర్లు విసుక్కోకుండా విన్నాడు" అంది.

వారం తర్వాత మేనేజరు గోవర్ధనరావు పిలిపించాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, మాట మాటకీ అండీ.

"సారీ అండీ. వారంటీ వర్తించదండీ. బ్యాటరీలోకి సముద్రపు నీళ్లు వెళ్లినట్టు తేలింది. కొత్త బ్యాటరీ నాలుగు లక్షల ఎనభై వేలు అవుద్దండీ."

అంజి గోడ వైపు చెయ్యి చూపించాడు. "వరద నీళ్లలో కూడా ఎల్లుద్దన్నారు కదండీ. ఆ గోడ మీద బొమ్మేంటి మరి?"

"వాన నీళ్లు వేరు, సముద్రపు నీళ్లు వేరండీ."

"పది నెలలు తిరిగింది కదండీ ఆ నీళ్లు పోసినాక!"

"ఉప్పు మెల్లగా పని చేస్తుందండీ."

"బ్యాటరీ విప్పి చూశారా?"

"విప్పితే సీలు పోద్దండీ. సీలు పోతే వారంటీ ఉండదు."

"మరి విప్పకుండా నీళ్లు ఎల్లాయని ఎట్టా తెలిసింది?"

గోవర్ధనరావు చిన్నగా నవ్వాడు. "మామ్మగారే చెప్పారు కదండీ."

వెంకాయమ్మ కార్తీక్ వైపు చూసింది. అతను కంప్యూటరు తెరలోకి చూస్తున్నాడు. వాళ్లు గడప దాటారో లేదో, లోపల స్ప్రే కొట్టిన చప్పుడు వినిపించింది. మల్లెపూల సెంటు. వాళ్లు కూర్చున్న కుర్చీల చుట్టూ కొట్టింది కృపమ్మ, అక్కడ ఊడ్చి తుడిచే మనిషి. కొట్టమన్నది గోవర్ధనరావు.

అక్కడినుంచి మొదలైంది తిరుగుడు. కంపెనీ నంబరుకి ఫోను చేస్తే డీలరుని అడగమన్నారు, డీలరు కంపెనీని అడగమన్నాడు. వినియోగదారుల కోర్టులో వేద్దామంటే లాయరు కేసు మంచిదేనన్నాడు, ఏడాది పట్టొచ్చన్నాడు. ఫైనాన్సు వాడు ఏడాది ఆగుతాడా? నడవని కారుకి నెలనెలా వాయిదా. షోరూము వెనక కానుగ చెట్టు కింద, రెట్టలు పడుతూ, కారు అలాగే నిలబడి ఉంది. ఆడవాళ్లు మళ్లీ బుట్టలతో బస్సు మెట్లెక్కారు.

కైకలూరు అవతల రొయ్యల చెరువు కాపలాకి మనిషి కావాలని గుత్తేదారు తిరుగుతున్నాడు. నెలకి పన్నెండు వేలు, చెరువు గట్టు మీద పాకలో ఉండాలి, పంట పట్టేదాకా ఇంటికి రాకూడదు. అంజి అతనికి ఫోను చేసి మాట్లాడి పెట్టుకున్నాడు.

ఇంకొకటి జరిగింది. దీన్ని ఎవరూ పైకి అనలేదు, అందుకే ఎక్కువ కోసింది. పేటలో గంగన్న కొత్త పడవ దించాడు. ఆ ఉదయం వెంకాయమ్మ తలస్నానం చేసి, చెంబు తోమి, అరుగు మీద కూర్చుంది. ఎవరూ పిలవలేదు. రేవులో డప్పులు మోగాయి. చెంబు పట్టింది గంగన్న వదినె. పొద్దు వాలాక సాయిదుర్గ వెళ్లి చూస్తే, అత్తగారు అరుగు మీదే కూర్చుని తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"నా చెయ్యే చంపిందేమోనే దాన్ని."

"ఊరుకోండి అత్తా! వాళ్లేదో అనుకుంటే నిజమైపోద్దా?"

సాయిదుర్గ ఊరుకోలేదు. చచ్చిన కారునీ, గోడ మీద వరద బొమ్మనీ కలిపి వీడియో తీసి ఫోన్లో పెట్టింది. "విప్పకుండా జబ్బు చెప్పే డాక్టర్లు బందరులో ఉన్నారండీ" అని కింద రాసింది. జనం చూశారు. నవ్వారు. ఒకరి నుంచి ఒకరికి పంపారు. దసరా బుకింగుల ముందు ఇదేం గోల అని షోరూము వాళ్లు కంగారుపడ్డట్టున్నారు. గోవర్ధనరావు మళ్లీ పిలిపించాడు. ఈసారి కూల్‌డ్రింకు కూడా వచ్చింది.

"కంపెనీ వాళ్లతో మాట్లాడి సగం ధరకి బ్యాటరీ ఇప్పిస్తానండీ. మిగతాది ఫైనాన్సులో కలిపేద్దాం. మామ్మగారు ఒక్క చిన్న వీడియో ఇవ్వాలి అంతే. తప్పు మాదే, తెలియక సముద్రపు నీళ్లు పోశాం, షోరూము వాళ్లు మంచితనంతో సాయం చేశారు అని. రెండు ముక్కలు."

అంజి తల్లిని పక్కకి తీసుకెళ్లాడు. "చెప్పెయ్యమ్మా. ఒక్క మాటే కదా. కారు వస్తే నేను చెరువుకి ఎల్లక్కర్లేదు."

వెంకాయమ్మ కొడుకు మొహం చూసింది. ఒక్కడే కొడుకు. "సరేరా" అంది.

కుర్చీలో కూర్చోబెట్టారు. వెనక మెరిసే కొత్త కారు. కార్తీక్ ఫోను పట్టుకుని, మెల్లగా అందించాడు. "తప్పు మాదే... అనండి మామ్మగారూ."

ఆ పిలుపు విని ఆవిడ తలెత్తింది.

"నువ్వు అడిగినప్పుడు నాకేం తెలుసు బాబూ. మా మనవడిలాంటోడివని చెప్పా."

కార్తీక్ చేతిలో ఫోను కిందికి దిగింది.

"నేను పోసిన నీళ్లు లోపలికి పోయాయో లేదో మీకూ తెలవదు, నాకూ తెలవదు. విప్పి చూడండి. లోపల ఉప్పుంటే, నా చెయ్యే చెడ్డదని పేట మధ్యన నిలబడి నేనే చెప్తా. ఇల్లమ్మి డబ్బు కడతా. చూడకుండా మాత్రం నా నోటితో అననండీ. నేనంటే, రేపు ఇంకో ముసలిదాన్ని కూర్చోబెట్టి మామ్మగారూ అంటారు."

"అమ్మా!" అన్నాడు అంజి.

గోవర్ధనరావు గొంతులో మర్యాద అలాగే ఉంది. "ఇదే ఆఖరు అవకాశం అండీ. తర్వాత మీ ఇష్టం."

"ఇష్టమేనండీ" అని లేచి వచ్చేసింది.

అంజి ఆ వారంలోనే కైకలూరు బస్సెక్కాడు. తల్లితో మాట్లాడకుండానే వెళ్లాడు. బస్సు కదిలేటప్పుడు మాత్రం కిటికీలోంచి, "మోకాళ్లకి మందు రాసుకో" అన్నాడు. వెంకాయమ్మ ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

మర్నాడు ఆవిడ గుడివాడ వెళ్లలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని షోరూము గేటు దగ్గరికి వెళ్లింది. రోడ్డు వారన గోనెపట్టా పరిచి, కత్తిపీట వేసి కూర్చుంది. "నా బండి లోపలుంది. అది లేచేదాకా నా బేరం ఇక్కడే" అంది వాచ్‌మనుతో. ఏ.సి. గదిలోకి చేపల వాసన ఎలా వెళ్లిందో మరి, గోవర్ధనరావు గాజు తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. చుట్టూ నలుగురు బేరం ఆడుతున్నారు. అందులో కారు కొనడానికి వచ్చిన ఒకాయన కూడా ఉన్నాడు. మాగ ముక్కలు సన్నగా కొట్టమంటున్నాడు.

"కృపమ్మా! ఫినాయిలు కలిపి తీసుకురా. ఇక్కడంతా కడిగెయ్" అన్నాడు గోవర్ధనరావు.

కృపమ్మ బకెట్టు నిండా తెల్లటి నీళ్లు తెచ్చింది. బుట్టకి జానెడు దూరంలో నిలబడింది. వెంకాయమ్మ జరగలేదు, బుట్టని చేత్తో కప్పలేదు. తలెత్తి చూసింది అంతే.

"పొయ్యి" అన్నాడు మేనేజరు.

కృపమ్మ చేతిలో బకెట్టు ఊగింది. అంచు దాటి కొంచెం ఆమె పాదాల మీదే ఒలికింది.

"తినే సరుకండీ" అంది కృపమ్మ.

"నిన్ను కాదు అడిగింది. పొయ్యమన్నా."

కృపమ్మ పొయ్యలేదు. బకెట్టు కింద పెట్టలేదు కూడా. దాని బరువుకి చెయ్యి లాగేస్తున్నా అలాగే నిలబడి ఉంది. గాజు తలుపు వెనక కార్తీక్ నిలబడి చూస్తున్నాడు. నేను రోడ్డుకి ఇవతల, బస్సు కోసం ఆగి చూస్తున్నాను. నా బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు.

తర్వాత ఏమైందని అడక్కండి. కారు ఇంకా కానుగ చెట్టు కిందే ఉంది. అంజి ఇంకా చెరువు గట్టునే ఉన్నాడు. చివరికి కోర్టులో వేసిన కేసు వాయిదా పడింది. మీరు మాత్రం ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మీ అత్తారిళ్లకి వెళ్లినా, ఏ రేవులో నలుగురు కూర్చున్నా చెప్పండి. చెప్పేటప్పుడు ఏది మరిచినా పర్వాలేదు. వెంకాయమ్మ చెయ్యి మంచిదని మాత్రం చెప్పడం మానకండి. మన పేటలో ఈసారి పడవ దిగినప్పుడు, ఆవిడ గుమ్మం ముందుకి చెంబు పట్టుకుని మీలో ఎవరో ఒకరు వెళ్లండి.