రెండు శిఖరాల మధ్య లోయ

చచ్చిపోయిన నక్షత్రం ఒకటి గిరగిరా తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక్కసారి తన రేడియో కిరణాలను మన మీదుగా పోనిస్తుంది. అదే పల్సర్. ఆ కిరణాల ధార నిండుగా ఉంటుందా, గొట్టంలా నడుమ బోలుగా ఉంటుందా అన్నదే ఒక పరిశోధకురాలి ఐదేళ్ల తపస్సు. పదకొండు పల్సర్లను తీసుకుని, ఒక్కోదాని నుంచి తిరుగుడుకొకటిగా అందిన వేల స్పందనలను ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే అన్నింటిలోనూ రెండు శిఖరాలు, మధ్యలో లోయ కనిపించాయి. బోలేనని తేల్చి పీహెచ్‌డీ గ్రంథం రాసేసింది. మర్నాడు పొద్దున్నే పరీక్షకుల ముందు నిలబడాలి.

మధ్యాహ్నం మేనమామ ఆమె గదికి వచ్చాడు. ఆమె రికార్డులు తీసుకున్న రేడియో టెలిస్కోపు దగ్గరే ముప్ఫై ఏళ్లు టెక్నీషియనుగా చేసి రిటైరైన మనిషి. తలకింద పెట్టుకుంటే మంచి నిద్ర పడుతుందని గ్రంథాన్ని వేళాకోళం చేస్తూ, బొమ్మలున్న పేజీలే తిప్పుతున్నాడు. నాలుగో బొమ్మ దగ్గర ఆగాడు. స్పందనల వరసల నడుమ అక్కడక్కడా తెల్లటి గాట్లున్నాయి. అవి నక్షత్రం మౌనమని ఆమె రాసింది.

“అమ్మాయ్, నా జల్లెడ ఇంకా తియ్యలేదా?”

ఏం జల్లెడని అడిగింది. ఒకప్పుడు టెలిస్కోపు ప్రహరీ పక్కన వెల్డింగ్ షాపు ఉండేదట. వాళ్లు పని మొదలుపెడితే రికార్డు నిండా చిటపటలే. విసుగెత్తి, సగటుకు పదింతలు మించిన ప్రతి మెరుపునూ చెరిపేసే ప్రోగ్రాము పెట్టాడు.

“ఇవన్నీ ఆ షాపు మూసేశాక తీసినవి మామయ్యా.”

“అందుకే అడుగుతున్నా. మరి అది చెరిపింది దేన్ని?”

జల్లెడ పట్టని అసలు రికార్డు డిస్కులోనే ఉంది. ఆ బొమ్మలోని పల్సర్‌ది తీసి ఆమె మళ్లీ పేర్చింది. లోయ ఉండాల్సినచోట, పక్కవి రెండూ మరుగుజ్జులయ్యేంత శిఖరం నిటారుగా లేచింది.

ఎవరికీ తెలియదు కదా, రేపటి గండం గడవనిమ్మని మామయ్య గొణిగాడు. ఆమె విననట్టే గైడుకు ఫోను చేసింది.

“మేడమ్, రేపు వద్దు. మధ్యలో ఖాళీ లేదు. మనమే ఖాళీ చేశాం.”

పదకొండు పల్సర్లలో ఎన్నింటికి ఇలా జరిగిందని మేడమ్ అడిగారు.

చూసింది ఒక్కదాన్నే. రెండోది తెరవడానికి ఆమెకు చెయ్యి ఆడలేదు.